మా ఇంటి మిల్లు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని ఉంది. కంప్యూటర్ పిచ్చి పట్టిన తెలుగువాడు ఎప్పుడో ఒకప్పుడు ఆ మెట్లు ఎక్కక తప్పదు. నేను ఎక్కింది ఒక మౌస్ కోసం. దిగింది ఇరవై ఎనిమిది కిలోల సర్వర్‌ని భుజానేసుకుని. మధ్యలో ఏం జరిగిందో మా ఆవిడకి ఇప్పటికి మూడు రకాలుగా చెప్పాను. మూడూ నమ్మలేదు కాబట్టి ఉన్నదున్నట్టు ఇక్కడ రాసేస్తున్నాను.

ఒక కొట్టు ముందు నేల మీద ఇనప పెట్టె ఒకటి పడుంది. వంగి చూశాను. అదే నేను చేసిన తప్పు. "అన్నా, లోపల రెండు జియాన్లు. పెద్ద కంపెనీలో వాడింది" అన్నాడు కుర్రాడు. ఫోన్ తీసి వెతికాను. జియాన్ ఈ5-2670. 2012 మార్చిలో ఇంటెల్ విడుదల చేసింది. అప్పటి ధర 1,552 డాలర్లు. అంటే ఆ నాటి మారకంలో ఒక్కో చిప్పు డెబ్బై అయిదు వేల పైమాటే. అలాంటివి రెండు, 128 జీబీ ర్యామ్‌తో సహా, ఓ మోస్తరు సెల్‌ఫోన్ ధరకి ఇస్తానంటున్నాడు. లక్షన్నర వస్తువు పది పదిహేను వేలకి వస్తోందంటే నేను లక్షా ముప్పై అయిదు వేలు మిగుల్చుకున్నట్టే కదా. ఈ లెక్క మా ఆవిడకి ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇంత చవగ్గా ఎందుకిస్తున్నారని అడిగాను, అదైనా అడిగాను. డేటా సెంటర్ల వాళ్లు నాలుగైదేళ్లకోసారి సర్వర్లు మార్చేస్తారట. పాడైపోయి కాదు, కొత్తవి అదే కరెంటుకి ఇంకా ఎక్కువ పని చేస్తాయని. పాతవి లాట్లకి లాట్లు సెకండ్‌హ్యాండ్ బజారుకి వచ్చిపడతాయి. 'అదే కరెంటుకి' అన్న ముక్క ఆ రోజే నా బుర్రకెక్కి ఉంటే ఈ వ్యాసం పుట్టేది కాదు.

గోనెసంచిలో చుట్టి రైలెక్కించాను. ఎదుటి సీట్లో పెద్దాయన కాజీపేట దాకా ఓపిక పట్టి, "ఏంటి బాబూ అది, గ్రైండరా?" అన్నాడు.

"కాదండీ, సర్వర్."

ఆయన సంచి వంకా నా వంకా చూసి, "ఏ హోటల్లో?" అన్నాడు.

మా ఊరు ఎర్రుపాలెం అంటే తెలంగాణ అయిపోయే చోటు. మధిర దాటాక వస్తుంది. రైలు ఇంకొంచెం ముందుకెళ్తే ఆంధ్ర. పక్కనే జమలాపురం, మా వెంకటేశ్వరస్వామిది; చిన్న తిరుపతి అంటారు. ఊళ్లో నాది ఫొటో స్టూడియో. ఫొటోలిప్పుడు ఎవరి ఫోన్‌లో వాళ్లే తీసుకుంటున్నారు కనక నాకు తిండి పెట్టేది పెళ్లి వీడియోలు. పెళ్లి ఒక పూట, భోజనాలు ఒక పూట, వీడియో మాత్రం మూడు నెలలు అని ఊళ్లో నా మీద ఒక సామెత పుట్టింది. దాన్ని చెరిపేయాలన్నదే సర్వర్ కొనడంలో నా అసలు ఉద్దేశం. ధనుర్మాసంలో పెళ్లిళ్లుండవు. మా వృత్తిలో వాళ్లకి అది బాకీ పెళ్లిళ్లు తీర్చుకునే కాలం. సంక్రాంతి ఇంకో రెండు వారాలుందనగా దాన్ని ఇంటికి చేర్చాను.

మా ఇంట్లో కొత్తగా ఏ ఇంజనున్న వస్తువొచ్చినా జమలాపురం తీసుకెళ్లి పూజ చేయించాల్సిందే. "దీనికి చక్రాల్లేవమ్మా" అంటే మా అమ్మ ఒప్పుకుని, స్వామివారి కుంకుమ తెచ్చి దాని మూతికి పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. నేను స్విచ్ నొక్కాను. ముందు ఆరు ఫ్యాన్లు ఒక్కసారిగా లేచాయి. వాకిట్లో కోళ్లు చెల్లాచెదురయ్యాయి. అమ్మ చెవులు మూసుకుని, "ఏందిరా ఇది, వడ్ల మిల్లు తెచ్చావా?" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు మిల్లు. జియాన్ అన్న మాట నేనొక్కణ్నే వాడతాను, అదీ మనసులో.

మిల్లు గురించి ఒక సంగతి ముందే చెప్పాలి. స్విచ్ నొక్కగానే అది పనిలోకి దిగదు. 128 జీబీ ర్యామ్‌నీ ఒక్కో గది తట్టి చూసుకుంటుంది, ఫ్యాన్లు లెక్కపెట్టుకుంటుంది, డిస్కుల హాజరు తీసుకుంటుంది. ఇదంతా అయి తెర మీద బొమ్మ పడేసరికి అయిదు నిమిషాలు. ఈలోగా అమ్మ టీ పెట్టి, వడగట్టి, నాకు ఇచ్చి, గ్లాసు ఖాళీ అయ్యాక తీసుకెళ్లింది. పెద్దింటి అల్లుడు నిద్ర లేచినట్టుంటుంది దాని వ్యవహారం.

సంక్రాంతికి మా అక్క కూతురు దిగింది. విజయవాడలో బీటెక్. చంకలో ఒక లాప్‌టాప్, పరీక్ష అట్ట కన్నా కాస్త మందం. మిల్లు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "మామయ్యా, ఇది ఎప్పటిది?" అంది.

"2012."

"నేను రెండో తరగతి."

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. నీ దాంట్లో ఏముందో చెప్పమన్నాను. కోర్ ఐ5-1240పి, 2022లో వచ్చింది. పన్నెండు కోర్లంది. నావి ఎనిమిదీ ఎనిమిదీ పదహారు. వాట్లు ఎన్ని? దానికి మామూలుగా 28, ఆవేశం వస్తే 64. నాకు ఒక్కో చిప్పుకి 115. "చూశావా" అన్నాను గర్వంగా. వాట్లు ఎక్కువైతే బలం ఎక్కువని నేను ఆ క్షణంలో నిజంగానే అనుకున్నాను. ట్రాక్టర్ల విషయంలో అంతే కదా. ఏది గొప్పో తేల్చుకోవడానికి పందెం వేసుకున్నాం.

కోర్లంటే ఏమిటో మా అమ్మకి చెప్పాల్సొచ్చింది. పందెం అనగానే ఆవిడే రిఫరీగా కుర్చీ వేసుకుని కూర్చుంది మరి. మా వైపు మనిషికి మిరప కోత చెబితే చాలు. ఖమ్మం మార్కెట్‌కి తేజా మిర్చి పోటెత్తే నెలల్లో, ఛత్తీస్‌గఢ్ నుంచి భద్రాచలం మీదుగా కూలీలు ముఠాలు ముఠాలుగా దిగుతారు, చేల గట్ల మీదే గుడారాలేసుకుంటారు. నా మిల్లు పదహారు మంది కూలీలున్న ముఠా. అందరూ ఒకే ఈడు, ఒకే పని. పైగా ఒక్కొక్కరి దగ్గర రెండేసి బుట్టలు. ఒక బుట్ట దగ్గర ఆలస్యమైతే చెయ్యి ఖాళీగా ఉండకుండా రెండోదాంట్లో వేస్తారు. ముప్పై రెండు బుట్టలన్నమాట. మేనకోడలి ముఠాలో పన్నెండు మందే. అందులో నలుగురు చెయ్యి తిరిగిన కుర్రాళ్లు, వాళ్లకి రెండేసి బుట్టలు. మిగిలిన ఎనిమిది మందీ తక్కువ కూలికి నెమ్మదిగా కోసేవాళ్లు, తలా ఒక బుట్ట. మొత్తం పదహారు.

"మరి నీదే గెలుస్తది కదా" అంది అమ్మ. తల్లి మనసు.

"అమ్మమ్మా, చెట్టు ఒక్కటే ఉంటే?" అంది మేనకోడలు.

అక్కడే ఉంది కిటుకు. పదెకరాల చేనైతే మంది ఎంత ఎక్కువుంటే అంత మేలు. ఒకే ఒక్క మిరప చెట్టుంటే? పదహారు మందిని దింపినా కోసేది ఒక్కడే, మిగతా పదిహేను మందీ గట్టు మీద కూర్చుని బీడీ కాల్చుకుంటారు. ఈ ముక్కనే 1967లో జీన్ ఆమ్డాల్ అనే ఆయన అమెరికాలో ఒక సభలో విడమరిచి చెప్పాడు. పంచుకోలేని పని కొంచెమున్నా సరే, ఎంత మందిని పెట్టినా అది ముందుకి కదలనివ్వదు అని. ఆ ఏడే ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకి నీళ్లొదిలారు. మా తాతకి ఆ రెండో వార్తే తెలుసు. మొదటిది మా వంశంలో తెలుసుకున్నవాణ్ని నేనే, అదీ డబ్బులు పోగొట్టుకున్నాక.

మొదటి పందెం ఒకే చెట్టు పందెం. పెళ్లికూతురి ఫొటో ఒకటి తెరిచి, ఒకే కోరు మీద నడిచే ఫిల్టరొకటి వేయాలి. నేను మౌస్ మీద నుంచి చెయ్యి తీసేలోపు మేనకోడలు అయిపోయిందంది. నా దాంట్లో పెళ్లికూతురి ముక్కుపుడక దాకా వచ్చింది. తేడా ఇంచుమించు సగానికి సగం. నా కూలీ సెకనుకి మహా అయితే 330 కోట్ల సార్లు చెయ్యి ఆడిస్తాడు. ఆ కుర్రాడు 440 కోట్ల సార్లు. ఇది తెర మీద కనపడే లెక్క, దీని వల్లే అయితే మూడో వంతు తేడా రావాలి. కనపడని లెక్క ఇంకోటుంది. పదేళ్లలో పని నేర్పు పెరిగింది. నావాడు ఒక విసురుకి రెండు కాయలు తెంపితే వాడు మూడు తెంపుతున్నాడు, పైగా తర్వాతి కొమ్మ ఎటు వంగుతుందో ముందే కనిపెట్టి చెయ్యి అక్కడ పెడుతున్నాడు. గిగాహెర్ట్జ్ చూసి చిప్పు కొనడమంటే గొంతు విని సంబంధం ఖాయం చేసుకోవడమే.

రెండో పందెం పెళ్లి వీడియో. మూడు గంటల పెళ్లిని చిన్న ఫైలుగా కుట్టాలి. ఇది పదెకరాల చేను. ఇక్కడ నాదే రాజ్యమని మీసం మీద చెయ్యి వేశాను. మిల్లు గీపెట్టింది. మేనకోడలు అరిసెలు తింటూ కూర్చుంది. నా దాంట్లో తలంబ్రాలు కూడా కాకముందే ఆ పిల్ల లాప్‌టాప్‌లో అప్పగింతలు అయిపోయాయి.

"ఎట్లా?" అన్నాను, గొంతు నాదిలా లేదు.

"క్విక్ సింక్, మామయ్యా."

అంటే, దాని ముఠా కోతలోకి దిగనేలేదు. లాప్‌టాప్ చిప్పు లోపల గ్రాఫిక్స్ పక్కన, వీడియోలు కుట్టడానికే ప్రత్యేకంగా ఒక మిషనుంది. బుట్టలూ చేతులూ లేవు, గుండీ నొక్కితే చేనంతా కోసి పెడుతుంది. కడుపు మండే సంగతి ఇంకోటి. ఈ మిషన్ 2011లోనే ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్పుల్లో వచ్చింది. నా జియాన్‌కి అవి సొంత తమ్ముళ్లు. తమ్ముళ్లకి పెట్టి పెద్దన్నకి పెట్టలేదు. సర్వర్ గదిలో పడుండేవాడికి సినిమాలెందుకనుకున్నారేమో. నా జియాన్‌లో అసలు గ్రాఫిక్స్ భాగమే లేదు. తెర మీద పడే ఆ కాస్త బొమ్మ కూడా బోర్డు మీదున్న వేరే చిన్న చిప్పు దయ. పుండు మీద కారంగా, కొవ్వూరులో పుట్టిన రాజా కోడూరి గారే 2017లో ఇంటెల్‌కి వెళ్లి గ్రాఫిక్స్‌కి పెద్దగా కూర్చున్నారని మేనకోడలు చెప్పింది. గోదావరి నీళ్లు మా సాగర్ నీళ్లని ఓడించాయన్నమాట.

"ఇది తొండి" అన్నాను.

"పని అయిందా లేదా?" అంది ఆ పిల్ల.

"తొండే" అంది అమ్మ. రిఫరీ మాట రిఫరీ మాటే.

మూడో పందెంలో మిషన్ ఆపించి, చేతి కోతే పెట్టించాను. ఇప్పుడు చూడాలి. మా డాబా మీద నుంచి చూస్తే రైలు పట్టాలు కనపడతాయి. 2023 సంక్రాంతి రోజున మొదలైన సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ మా ఊరి మీదుగానే పోతుంది, మేం టాటా చెప్పేలోపు పోతుంది. దాని వెనకే బొగ్గు గూడ్సు వస్తుంది, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ వైపు. అది వచ్చిందంటే అమ్మ కూరగాయలు తరగడం మొదలెట్టి పూర్తి చేయచ్చు. లాప్‌టాప్ వందే భారత్‌లా బయల్దేరింది. మొదటి పావుగంటలో మేనకోడలు జీలకర్ర బెల్లం దాటేసింది, నేను ఇంకా గణపతి పూజలో ఉన్నాను. తర్వాత లాప్‌టాప్ అడుగున చెయ్యి పెట్టి చూశాను, దోశ పోయచ్చు. ఆ పలకలో ఉన్న చిన్న ఫ్యాన్‌కి 64 వాట్ల వేడిని ఊదే ఊపిరి లేదు. చిప్పు తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంది. ఆవేశం దిగి, ముప్పై వాట్ల దగ్గర కూలబడింది. నా మిల్లు మాత్రం మొదలెట్టిన మొహంతోనే, అదే రొద, అదే నడక. సన్నాయి మేళం దగ్గర సమానమయ్యాం. నాది గంటా ఇరవై రెండు నిమిషాలకి ముగిసింది. ఆ పిల్లది గంటా ముప్పై ఒకటి.

తొమ్మిది నిమిషాలు! నేను వీధిలోకెళ్లి వచ్చాను. ఎందుకో తెలీదు, వెళ్లాలనిపించింది.

ఊపు మీద నాలుగో పందెం కూడా పెట్టాను. మూడు పెళ్లిళ్లు, ఒక పుష్పవేడుక, అన్నీ ఒకేసారి తెరిచి పెట్టాలి. ఎనిమిది జీబీ లాప్‌టాప్ ఎక్కిళ్లు పెట్టి, మౌస్ బాణాన్ని కూడా కదల్చలేక నిలబడిపోయింది. నా 128 జీబీలో పెళ్లిళ్లే కాదు, బంధువులు కూడా పడుకోవచ్చు. పైగా సర్వర్ ర్యామ్‌కి ఒక సుగుణముంది. ఎక్కడైనా ఒక్క అక్షరం ముక్క తారుమారైతే అప్పటికప్పుడు దానంతటదే దిద్దుకుంటుంది. సంకల్పం చెప్పేటప్పుడు పంతులు గారు మా గోత్రం తప్పు పలికితే అమ్మ వెనక నుంచి సరిచేస్తుంది చూడండి, అలా. పనీ ఆగదు, తప్పూ మిగలదు.

తొండిని కూడా లెక్కలో వేసి, రెండూ రెండూ సమానమని అమ్మ తీర్పిచ్చింది. మేనకోడలు మాత్రం సంచిలోంచి చిన్న మీటర్ తీసింది, ప్లగ్‌కి తగిలిస్తే ఎన్ని వాట్లు లాగుతుందో చూపించేది. కాలేజీ ప్రాజెక్టుదట. "సరదాకి" అంది. ఈ తరం పిల్లల సరదాలు నాకు నచ్చవు.

మిల్లు పని చేసేటప్పుడు 340. లాప్‌టాప్ తెరతో సహా 50కి అటూ ఇటూ. ఒక పెళ్లికి నాకు అర యూనిట్‌కి కాస్త తక్కువ కాలుతోంది. ఆ పిల్లకి అందులో ఆరో వంతు. సరే, అర యూనిట్ ఎంతని నేను నవ్వేశాను. "ఇప్పుడు ఏ పనీ లేకుండా చూద్దాం మామయ్యా" అంది. చూశాం. పని లేకుండా, ఊరికే మేలుకుని ఉండటానికి మిల్లు 130 వాట్లు తింటోంది. లాప్‌టాప్ మూత వేస్తే సున్నా దగ్గర పడుకుంటోంది. పండగ అయ్యాక నేను కాస్త నెమ్మదిగా గుర్తు చేసుకున్నది ఏమిటంటే, అయిదు నిమిషాల నిద్ర మేల్కొలుపు భరించలేక నేను తెచ్చిన నాటి నుంచీ మిల్లుని ఆపనేలేదు. పెళ్లి ఉన్నా లేకున్నా, రాత్రింబవళ్లు.

తెలంగాణలో 2024 మార్చి నుంచి తెల్లకార్డున్న ఇళ్లకి గృహజ్యోతి కింద నెలకి 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. మా ఇల్లు నూట యాభై దాటేది కాదు. బిల్లు కాగితం మీద ఆ సున్నా చూసుకోవడం మా ఆవిడకి నెలకోసారి వచ్చే పండగ. ఆ సున్నాల కాగితాలన్నీ గుండుసూదికి గుచ్చి దేవుడి గూట్లో పెట్టింది. 200 మీద ఒక్క యూనిట్ పడినా సున్నా పోతుంది, మొదటి యూనిట్ నుంచీ కట్టుకోవాల్సిందే. ఆ నెల రీడింగ్ 322. బిల్లు రెండు వేలు దాటింది. రీడింగ్ తీసిన అబ్బాయి మిషన్‌లోంచి కాగితం చింపి, "కొత్తగా ఏసీ పెట్టించారా అక్కా?" అన్నాడు. మా ఆవిడ నా వంక చూసింది. చూసింది అంతే. ఏవండీ అని కూడా అనలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఇంకో లెక్క వేశాను. బొగ్గుతో చేసే కరెంటైతే యూనిట్‌కి ఆరేడు వందల గ్రాముల బొగ్గు కాలుతుంది. నూట డెబ్బై యూనిట్లంటే క్వింటా పైనే. పాల్వంచలోనో మణుగూరులోనో నా పేరు మీద నెలకి క్వింటా బొగ్గు పొయ్యిలో వేస్తున్నారు, అందులో కొంత నేను నిద్రపోతున్నప్పుడు, తెర మీద గడియారం తిరగడానికి. అప్పుడే దూరంగా గూడ్సు కూత పెట్టింది. ఆ బొగ్గు నాకు కాదు, ఆంధ్రకి. అయినా దుప్పటి ముసుగేసుకున్నాను.

మర్నాడు మా ఆవిడ తీర్పు. సాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టు మాది. వారబందీ అంటే ఏమిటో మాకు పుస్తకం చదివి తెలుసుకోనక్కర్లేదు. నీళ్లు నాలుగు రోజులు పై వాళ్లకి, తర్వాత మనకి, మన వంతు రాకముందు తూము ముట్టుకుంటే తగాదా. అదే పద్ధతి మిల్లుకి పెట్టింది. వారానికి రెండు వంతులు, వంతుకి ఆరు గంటలు. మిగతా రోజుల్లో ప్లగ్ తీసి ఆవిడ బీరువాలో పెడుతుంది. చిన్నా చితకా పనికి మేనకోడలి సలహా మీద నేనూ ఒక లాప్‌టాప్ కొన్నాను, వాయిదాల మీద. వాయిదా డబ్బూ పాత కరెంటు బిల్లూ ఇంచుమించు ఒకటేనని ఆవిడకి చెప్పాను. ఈ లెక్క మాత్రం అర్థమైందంది, అర్థమైన తీరు నాకు నచ్చలేదు.

బాకీ పెళ్లిళ్లు మొత్తం వేసవికల్లా తీరిపోయాయి. మిల్లుకి వంతులున్నా పనుల్లేవు. అమ్మేద్దామనుకుంటుండగా శ్రావణం ముసురు పట్టింది. నాలుగు రోజులు ఎండ మొహం లేదు. పిల్లల స్కూలు గుడ్డలు ఆరవు, అమ్మ బొంత ఆరదు, ఇల్లంతా తడి వాసన. ఆ ఉదయం అమ్మ వచ్చి, "నాయనా, ఆ మిల్లు వెనక నుంచి వేడి గాలి వస్తది కదా" అంది. బొంత మిల్లు వెనక రెండు కుర్చీల మీద పరిచేసి ఉంది. బీరువాలోంచి ప్లగ్ తెచ్చిచ్చింది మా ఆవిడే.

మిల్లు తిన్న ప్రతి వాటూ చివరికి వేడే అవుతుంది. అందులో దానికి సాటి లేదు. కానీ ఖాళీగా ఉంటే గోరువెచ్చని గాలే వస్తోంది. బొంత ఆరాలంటే రెండు జియాన్లకీ ఒళ్లొంచే పని పడాలి. వెతికి వెతికి మొదట్లో చేసిచ్చేసిన ఒక పెళ్లిని మళ్లీ కుట్టడం మొదలెట్టాను. ఆ జంటకి ఇప్పుడు బాబు కూడా. వేడి గాలి కొట్టింది. స్కూలు గుడ్డలు గంటకి ఆరాయి. తలంబ్రాలు, అరుంధతీ నక్షత్రం, అప్పగింతలు అన్నీ అయి ఫ్యాన్లు నెమ్మదించాయి. అమ్మ బొంత మధ్యలో చెయ్యి పెట్టి చూసింది.

"ఇంకో పెళ్లి పెట్టరా. నడిమధ్యలో ఇంకా తడిగానే ఉంది."